ఉప్పు గట్టు మీద నాచు

"జర్మనీలో ఎమ్మెస్ ఎలా ఉంటుందో రాయి అన్నా, జూనియర్లకి పనికొస్తుంది" అని మన క్లబ్ ఎడిటర్ మెసేజ్ పెట్టి నెల దాటింది. మంచు గురించీ, పార్ట్‌టైం జాబుల గురించీ, అయిదు యూరోలు పెట్టి కొన్న కొత్తిమీర కట్ట గురించీ ఇప్పటికే చాలామంది రాసేశారు. నాకు కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒక్కటి తప్ప. అది బియ్యపుగింజంత ఎత్తు ఉంటుంది. నేను దాన్ని మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టుకుని చూశాను.

అదొక నాచు. నాచు అంటే మీకు చెరువు మీద తేలే పచ్చటి తెట్టు గుర్తొస్తే తప్పు మీది కాదు, మన మాటది. చెరువులో ఉండేదీ నాచే, వానాకాలం పిట్టగోడ మీద పట్టేదీ నాచే. మా అమ్మయితే రెండిటినీ కలిపి "పాచి" అనేసి, "జారిపడతావురా" అని ఒక హెచ్చరిక తగిలిస్తుంది. కానీ గోడ మీద మెత్తగా వెల్వెట్‌లా పట్టేది చాలాసార్లు అసలు సిసలు మొక్క. చిన్న కాండం, చిన్న ఆకులు, పైన చిన్న కాయ. ఇంటర్‌లో బైపీసీ వాళ్ళు 'ఫ్యునేరియా' బొమ్మ వేసేవాళ్ళు కదా, ఆ జాతి. నేను ఎంపీసీ. బొమ్మలు వెయ్యక్కర్లేదని మురిసిపోయినవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ పాఠం కట్టాల్సి వస్తుందని నాకేం తెలుసు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి, లేకపోతే ఈ నాచు గోల మీకు అర్థం కాదు.

మాది ఉప్పుటేరుకి ఇవతల ఒక చిన్న ఊరు. కొల్లేటి నీళ్ళు సముద్రంలోకి పోయే దారి అది. పోటు వచ్చినప్పుడు సముద్రం కూడా అదే దారిన వెనక్కి వస్తుంది. తాతయ్య వదిలిపెట్టింది రెండెకరాల నలభై సెంట్లు. నాన్నకి సగం, బాబాయికి సగం. మధ్యలో ఒక గట్టు. ఆ గట్టు మీద రెండు కొబ్బరిచెట్లు. కాయలు ఇద్దరికీ. చిన్నప్పుడు ఆ గట్టుకి అటు ఏదో ఇటు ఏదో నాకు తెలిసేది కాదు, ఎందుకంటే రెండువైపులా ఒకే రోజు ఊడ్చేవాళ్ళు, ఒకే రోజు కోసేవాళ్ళు.

నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా బాబాయి తన సగం రొయ్యల చెరువుకి లీజుకిచ్చాడు. ఏడాదికి 90 వేలు. చుట్టుపక్కల వాళ్ళందరూ అప్పటికే ఇచ్చేశారు. బాబాయిని తప్పు పట్టలేను. సార్వాకి ఖర్చులు పోను ఏం మిగులుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. పైగా నా ఎంసెట్ కోచింగ్ ఫీజులో సగం కట్టింది ఆయనే. కానీ మరుసటి ఏడాది మా నారుమడి గట్టు వైపునుంచి ఎర్రబడటం మొదలుపెట్టింది. దాళ్వా అయ్యాక మడి ఎండితే, నేల మీద తెల్లగా, ఎవరో సున్నం చల్లినట్టు పొర. నాన్న వేలితో కాస్త మట్టి తీసి నాలిక మీద పెట్టుకుని, ఉమ్మేసి, ఏమీ అనకుండా ఇంటికి వచ్చేశాడు. ఆ రోజునుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. గొడవపడితే కనీసం మాట్లాడుకున్నట్టు ఉండేది. వీళ్ళు అది కూడా పడలేదు. కొబ్బరికాయలు మాత్రం ఇప్పటికీ సగం లెక్కపెట్టి పిన్ని మా గుమ్మంలో పెట్టి వెళ్తుంది.

మొన్న ఫిబ్రవరిలో నాన్న ఫోన్ చేశాడు. చెరువు లీజుకి తీసుకున్నాయన మా సగం కూడా అడుగుతున్నాడట. "ఎలాగూ చౌడు తేలిపోయింది. ఇచ్చేస్తే నీ లోన్ వడ్డీ అన్నా తీరుద్ది. నువ్వేమంటావ్?" అన్నాడు.

మా నాన్న జీవితంలో నన్ను 'నువ్వేమంటావ్' అని అడగటం అదే మొదటిసారి. "ఆలోచించి చెప్తా నాన్నా" అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు చెప్పలేదు. ఆయన అడగలేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఇక మాగ్డెబుర్గ్. నేను అద్దెకున్న గది ఒక పెద్దావిడ ఇంట్లో పై అంతస్తు. రిటైరైన బయాలజీ టీచర్. తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లోనే ఉద్యోగంలో చేరింది. ఇక్కడివాళ్ళ పద్ధతిలో నన్ను 'మీరు' అంటుంది, నేనూ 'మీరు' అంటాను. మనసులో మాత్రం ఆంటీ. ఆవిడకి రెండు వ్యసనాలు: ఒకటి కాఫీ, రెండోది నాచు. హాల్లో అల్మారా నిండా చెప్పుల డబ్బాల్లాంటివి, వాటిలో వందలకొద్దీ కాగితపు పొట్లాలు. అచ్చం మన ఆచారిగారు చూర్ణం పొట్లం కట్టిచ్చినట్టే ఉంటాయి. ప్రతి పొట్లం మీద పేరు, ఊరు, తేదీ. నేను పుట్టకముందు కట్టిన పొట్లాలే ఎక్కువ.

ఏప్రిల్ చివరి ఆదివారం ఆవిడ, "మీది ఉప్పు ఊరన్నారు కదా, నాతో రండి, మా ఉప్పు చూపిస్తాను" అంది. సముద్రం ఇక్కడికి ఎక్కడో దూరం. ఉప్పేంటి అనుకున్నా. సైకిళ్ళ మీద ఊరు దాటి, గోధుమ చేల మధ్యనుంచి జుల్‌డోర్ఫ్ అనే పల్లెటూరు చేరాం. అక్కడ పంట పొలాల మధ్య ఒక లోయలాంటి పల్లం. అందులో సన్నటి ఏరు. దాని పేరు జుల్జె. ఆ మాటకి ఉప్పునీరు అని అర్థమట. అంటే ఎనిమిదివేల కిలోమీటర్లు వచ్చి నేను మళ్ళీ ఉప్పుటేటి గట్టునే నిలబడ్డానన్నమాట.

చెప్పొద్దూ, ఆ నేల చూడగానే నాకు కడుపులో కలుక్కుమంది. అదే తెల్లటి పొర. అవే నెర్రెలు. మధ్యలో బట్టతల లాంటి మట్టి, దాని మీద పోయినేటి ఎండుకాడలు. మన ఉప్పు మడుల పక్కన కాడలు కాడలుగా, ఆకుల్లేకుండా పెరిగే సాలికోర్నియా అనే మొక్క ఉంటుంది చూడండి, దాని చుట్టాలే ఇవి. నాన్న చేసినట్టే వేలితో మట్టి తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఆవిడ విచిత్రంగా చూసి, తర్వాత నవ్వి, తనూ పెట్టుకుంది.

ఈ ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, దాదాపు 25 కోట్ల ఏళ్ళ కిందట మధ్య యూరప్ చాలా భాగం ఒక సముద్రం కింద ఉండేది. ఆ సముద్రం మళ్ళీ మళ్ళీ ఎండి, అడుగున వందల మీటర్ల మందాన ఉప్పు పేరుకుంది. తర్వాత దాని మీద మట్టి, రాయి. భూగర్భజలం ఆ ఉప్పుని కరిగించుకుని అక్కడక్కడా ఊటలా పైకి వస్తుంది. అలాంటి ఊట ఈ లోయలో ఉంది. ఇక్కడికి దక్షిణాన ష్టాస్‌ఫుర్ట్ అనే ఊరు. వంటుప్పు కోసం గని తవ్వుతుంటే పైపొరల్లో చేదుగా ఇంకో లవణం తగిలింది. పనికిరాదని పక్కన పోశారు. అదే పొటాష్. 1861లో దాన్ని ఎరువుగా మార్చే మొదటి కర్మాగారం అక్కడ మొదలైంది. ప్రపంచ పొటాష్ పరిశ్రమ పుట్టిల్లు అదే. మన దేశం పొటాష్ మొత్తం బయటినుంచే కొంటుంది కాబట్టి, నాన్న సార్వాకి భుజాన మోసుకొచ్చే ఆ ఎర్రటి ఎరువు బస్తా కథ ఇక్కడే ఎక్కడో మొదలైంది. ఆ విషయం తెలిసినప్పుడు కెమికల్ ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివిన నాకు కాస్త సిగ్గేసింది. ఒక్క పుస్తకంలోనూ ఈ ఊరి పేరు విన్నట్టు గుర్తులేదు. చెప్పే ఉంటారు, నేను వెనక బెంచీలో ఉండి ఉంటాను.

ఇంతకీ నాచు. ఊట దగ్గరనుంచి పైకి నడుస్తూ, గడ్డి మొదలయ్యే చోటుకి కాస్త ముందు ఆవిడ మోకాళ్ళ మీద కూలబడింది. డెబ్భై దాటిన మనిషి. నేను కంగారుపడి పట్టుకోబోతే, "నేను బాగానే ఉన్నా, మీరూ కూర్చోండి" అంది. మట్టి మీద ఎండిపోయిన, గోధుమరంగు బూజులాంటిదేదో ఉంది. నేను దాని మీద అడుగెయ్యబోయాను కూడా. ఆవిడ సీసాలోంచి రెండు చుక్కల నీళ్ళు దాని మీద వదిలి, మెడలో వేలాడుతున్న చిన్న భూతద్దం నా చేతికిచ్చింది.

పది సెకన్లు పట్టిందేమో. ముడుచుకున్న ఆకులు మెలికలు విప్పుకుంటూ తెరుచుకున్నాయి. గోధుమరంగు కాస్తా పచ్చగా అయింది. నేను సినిమాల్లో తప్ప అలాంటిది చూడలేదు. ఒక్కో మొక్క అయిదారు మిల్లీమీటర్లు. చిన్న రోజా పువ్వులా అమరిన ఆకులు, ఆకు కొనల దగ్గర అంచుకి సన్నటి పళ్ళు. మధ్యలోంచి ఎర్రటి సన్నటి కాడ, దాని చివర మట్టిరంగు కాయ. కాయ మీద మూత. మామూలుగా నాచు కాయ పండితే మూత ఊడి కింద పడిపోతుందట. దీనికి ఊడదు. కాయ మధ్యలో ఉండే స్తంభానికి అతుక్కునే ఉండి, ఎండినప్పుడు గొడుగులా పైకి లేచి కనిపిస్తుంది. ఆ సందులోంచి సిద్ధబీజాలు గాలికి పోతాయి. మా అమ్మ పాలగిన్నె మీద పళ్ళెం ఓరగా పెడుతుంది చూడండి, పొంగకుండా. అలాగ.

దీని పేరు హెన్నెడియెల్లా హైమీ. పేరులో ఉన్న హైమ్ ఒక డాక్టరు. ఎర్న్‌స్ట్ లుడ్విగ్ హైమ్, 1747లో పుట్టి 1834లో పోయాడు. బెర్లిన్‌లో పేదవాళ్ళకి డబ్బు తీసుకోకుండా వైద్యం చేసి ఊరందరికీ ఇంటిమనిషి అయిపోయినాయన. తీరిక దొరికితే నాచులు ఏరుకునేవాడు. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు వాళ్ళింటికి వైద్యానికి వెళ్ళి, మొక్కల వర్గీకరణ పరిచయం చేసింది కూడా ఈయనే. ఈ నాచుకి ఆయన పేరు పెట్టిన హెడ్విగ్ కూడా డాక్టరే! రోగులని చూసుకుంటూ, మిగిలిన టైంలో మైక్రోస్కోప్ కింద నాచుల మగ, ఆడ భాగాలు వేరుచేసి చూపించిన మనిషి. ఆయన 1799లో పోయాక, 1801లో ఆయన పుస్తకం 'స్పీసీస్ మస్కోరమ్' అచ్చయింది. నాచుల శాస్త్రీయ నామాలకి లెక్క అక్కడినుంచే మొదలు. అందులోనే మన బుల్లి నాచు కూడా ఉంది, అప్పటి పేరు జిమ్నోస్టోమమ్ హైమీ. తర్వాత పాట్టియా అన్నారు. 1993లో హెన్నెడియెల్లా అన్నారు. ఇంటిపేరు ఎన్నిసార్లు మారినా హైమ్‌గారు మాత్రం వెంటే ఉన్నారు. మన దగ్గర కూడా ఊరి డాక్టరుగారి పేరు పిల్లలకి పెట్టుకునేవాళ్ళు కదా, అలాంటిదే అనుకున్నా.

ఇప్పుడు కెమికల్ వాళ్ళకి కాస్త పని. ఆస్మాసిస్ గుర్తుందా? ఆర్.ఓ. ప్లాంట్ లెక్కల్లో సముద్రపు నీటి ఆస్మాటిక్ ప్రెషర్ సుమారు 27 బార్ అని వేసుకుంటాం. అంటే పొర అవతల అంత ఉప్పుంటే, ఇవతలున్న మంచినీటిని అది అంత బలంగా లాగుతుంది. వరి మొక్క చౌడు నేలలో చచ్చిపోయేది మొదట ఈ లాగుడుకే. చుట్టూ తడి ఉన్నా వేరు తాగలేదు. తర్వాత సోడియం లోపలికి చేరి విషమవుతుంది. వరికి కనీసం వేరు ఉంది, ఆకు మీద మైనంలాంటి పొర ఉంది, కాస్తో కూస్తో ఆపుకోగలదు. నాచుకి ఆ వసతులేవీ లేవు. వేళ్ళు లేవు. పట్టుకోవడానికి దారప్పోగుల్లాంటివి ఉంటాయి, అంతే. ఆకు చాలా చోట్ల ఒకే ఒక్క కణం మందం. వాన పడితే ఆకుతోనే తాగుతుంది, ఉప్పు తగిలినా ఆకుతోనే తింటుంది. ఇంకోలా చెప్పాలంటే, మొక్క మొత్తం ఒక ఆర్.ఓ. మెంబ్రేన్, హౌసింగ్ లేదు, పంపు లేదు. అందుకే నాచుల్లో ఎక్కువ భాగం ఉప్పు దగ్గరికి రావు.

మరి ఇదెలా బతుకుతోంది? దీనికున్న బలం ఎండిపోవడం. నీళ్ళు పోయినప్పుడు పూర్తిగా ఎండి ఊరుకోవడం, నీళ్ళు తగలగానే మళ్ళీ పని మొదలుపెట్టడం. ఉప్పు చేసే నష్టంలో పెద్ద భాగం నీళ్ళు లాగెయ్యడమే కాబట్టి, ఎండటం తెలిసినవాడికి ఉప్పు సగం పాత శత్రువే.

ఈ నాచు యూరప్ సముద్ర తీరాల్లో ఉప్పుబీళ్ళ ఎగువ అంచున ఉంటుంది, ఉత్తర ధ్రువం వైపు ఉంటుంది, అంటార్కిటికాలో కూడా ఉంటుంది. అక్కడ టేలర్ వ్యాలీ అని ఒక ఎండు లోయ, 77 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి. వానే పడదు. వేసవిలో కొన్ని వారాలు హిమానీనదం అంచు కరిగితే వచ్చే నీటితో బతుకుతుంది. అంత దక్షిణాన నాచు కాయ కాయడమే అరుదైతే, ఇది అక్కడ కూడా కాయలు కాసింది. అది చెప్తున్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. మనవడికి ఐఐటీ సీటొచ్చినట్టు చెప్పింది.

నేను అడిగాను, "అయితే దీనికి ఉప్పంటే ఇష్టమా?"

"ఇష్టమా? లేదండీ. ఉప్పు లేకపోయినా హాయిగా పెరుగుతుంది. బెల్‌గ్రేడ్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని ల్యాబ్‌లో గాజుపాత్రల్లో పెంచి చూశారు. ఉప్పు దీనికి అవసరం కాదు, ఓర్చుకుంటుంది అంతే. మంచి నేలలో గడ్డి దీన్ని నాలుగు రోజుల్లో కప్పేస్తుంది. ఇక్కడ గడ్డి రాదు కాబట్టి దీనికి వెలుతురు దొరుకుతుంది."

అక్కడ నాకు ఒక క్షణం తీపి ఆలోచన వచ్చింది. కష్టాల్లో కూడా ఎదగాలి, చౌడులో కూడా పచ్చగా ఉండాలి, ఇంటికి దూరంగా ఉన్న మనమందరం నాచులమే, వగైరా. లింక్డ్‌ఇన్‌లో పెట్టుకుంటే మూడొందల లైకులు గ్యారంటీ. కానీ ఆ మాట నాన్నతో ఫోన్‌లో అంటున్నట్టు ఊహించుకుని చూశా. ఆయన ఒక్క నిమిషం ఆగి, "అయితే వచ్చే సార్వాకి నాచు ఊడుద్దామంటావా?" అంటాడు. వరి నాచు కాదు. మా నాన్న కూడా నాచు కాదు. పదేళ్ళు ఎండి మళ్ళీ వానొస్తే పచ్చబడటానికి ఆయనకి అరవై దగ్గరపడ్డాయి.

నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆవిడ లేచి, మోకాళ్ళు దులుపుకుని, "ఇప్పుడు ఊట దగ్గరనుంచి మళ్ళీ నడవండి, కిందకే చూస్తూ" అంది. నడిచాను. మొదట వట్టి మట్టి. నాలుగడుగులేస్తే సాలికోర్నియా కాడలు. ఇంకో అయిదారు అడుగులకి ఏవో మందపాటి ఆకుల మొక్కలు, వాటి మధ్య ఖాళీల్లో ఈ నాచు. ఆ తర్వాత ముతక గడ్డి. ఇరవై అడుగులు దాటితే మామూలు గడ్డి, దాని మీద మామూలు పసుపు పూలు. ఇదంతా ఒకే నేల. దూరంనుంచి చూస్తే 'ఉప్పు భూమి' అని ఒకే మాట. దగ్గరికొచ్చి చూస్తే ఒక్కో అడుగుకి ఒక్కో లెక్క. మొక్కలే మీటర్ రీడింగులు.

నాలుగేళ్ళుగా మేమందరం మా పొలాన్ని "చౌడు తేలిపోయింది" అని ఒకే మాటతో అంటున్నాం. ఎక్కడ తేలింది, ఎంత తేలింది, ఎవరూ కొలవలేదు. ఇంజనీర్ని నేనూ కొలవలేదు. నా లాప్‌టాప్‌లో ఉప్పునీటి మీద మూడు ప్రాజెక్ట్ రిపోర్టులున్నాయి.

ఆ రోజు సాయంత్రం ఫోన్ చేసి, వాతావరణం మాట కాకుండా మట్టి మాట ఎత్తాను. గట్టు పక్కన ఒకటి, పదిగజాలకొకటి చొప్పున అవతలి చివరిదాకా ఆరుచోట్ల, జానెడు లోతున పార వేసి మట్టి తియ్యమన్నాను. వేర్వేరు కవర్లలో కట్టి, నంబర్లు వేసి ల్యాబ్‌లో ఇవ్వమన్నాను. నాన్న, "ఆరెందుకురా, ఒకటి చాలదా?" అన్నాడు. కలిపేస్తే అసలు సంగతే పోతుందని చెప్పడానికి పావుగంట పట్టింది. చివరికి, "మొత్తం కుండలో అన్నం ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, కానీ అడుగంటిందో లేదో తెలీదు కదా నాన్నా" అంటే ఒప్పుకున్నాడు.

మూడు వారాలకి కాగితాలొచ్చాయి. నాన్న ఫోటో తీసి పంపాడు, బొటనవేలు సగం అడ్డం. గట్టు పక్కన ఈసీ 3.6. తర్వాతిది 2.9. తర్వాత 1.9, 1.2. చివరి రెండూ 0.8, 0.7. ఒకటి లోపు ఉంటే ఫర్వాలేదు. పుస్తకాల్లో వరికి 3 దాటితేనే దిగుబడి తగ్గుతుందని ఉంటుంది కదా, మరి గట్టు పక్కన మాత్రమే కదా ఇబ్బంది అని నేను మొదట సంబరపడ్డాను. తర్వాత చూస్తే, ఆ 3 అనేది మట్టిని నీళ్ళతో ముద్దచేసి పిండిన రసంలో కొలిచే లెక్క. మన దగ్గర ఒకపాలు మట్టికి రెండుపాళ్ళు నీళ్ళు కలిపి కొలుస్తారు, కాబట్టి అంకె చిన్నగా కనిపిస్తుంది. గట్టు పక్కన 3.6 అంటే అక్కడ వరి సంగతి మర్చిపోవడమే. ఇలాంటి చోట యూనిట్లూ, పద్ధతీ చూడకుండా అంకెలు పోల్చొద్దని మన ల్యాబ్ సారు వందసార్లు చెప్పేవారు. సార్, వందోసారికి ఎక్కింది.

కానీ అవతలి మూడోవంతు బాగానే ఉంది. మధ్యది బాగుచెయ్యొచ్చు. ఉప్పు అంతా ఒకవైపునుంచే వస్తోంది, చెరువు గట్టు కిందనుంచి ఊటగా. దారిలో లోతుగా ఒక మురుగు బోదె తవ్వి ఆ ఊటని పట్టి కాలవలోకి వదిలేస్తే, మిగతాదాన్ని కాలవ నీటితో ఒకటికి రెండుసార్లు కడగొచ్చు. గట్టు పక్క నాలుగు వరసలకి బందరు పరిశోధనా స్థానం వాళ్ళు చౌడు కోసం తెచ్చిన వరి రకం వేసి చూడొచ్చు. ఇదేమీ నా తెలివి కాదు. మా మండలం వ్యవసాయాధికారి నాన్నకి చెప్పిన మాటలే. నేను చేసిందల్లా ఆరు కవర్లు కట్టించడం.

చిక్కు ఎక్కడంటే, బోదె మా వైపు తవ్వితే గట్టు కూలి చెరువు నీళ్ళే మీదికొస్తాయి. బాబాయి వైపు, గట్టుకీ చెరువు కట్టకీ మధ్య రెండు గజాల జాగా ఉంది. అక్కడ తవ్వాలి.

నాన్న, "వాణ్ణి నేను అడగను" అన్నాడు.

నేను చేశాను బాబాయికి. ఎన్నేళ్ళయిందో ఫోన్ చేసి. పండగలకి వాట్సాప్‌లో బొమ్మలు పంపుకోవడమే. రెండు రింగులకే ఎత్తాడు.

"ఏరా, ఒంట్లో బానే ఉందా? అక్కడ చలి తగ్గిందా?"

చెప్పాను. కుశలప్రశ్నలు అయ్యాక ఆరు అంకెలూ చదివాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"మూడున్నరా?" అన్నాడు చివరికి.

"గట్టు పక్కన."

"అంత ఉందని నాకు తెలీదురా. మీ నాన్న మొత్తం పోయిందన్నాడని ఊళ్ళో అందరూ అంటుంటే, కోపంతో అంటున్నాడేమో అనుకున్నా. నాతో ఒక్కసారి అనొచ్చు కదా."

"నువ్వైనా అడగొచ్చు కదా బాబాయ్."

"అడిగే మొహం ఉండొద్దా?"

నాకేం చెప్పాలో తెలీలేదు. నీ 90 వేల లీజుతో మా నేల పోయింది అందామని ముందు రోజు రాత్రి రాసిపెట్టుకున్న వాక్యం ఒకటుంది. అది ఫోన్ పక్కనే నోట్‌బుక్‌లో ఉంది. చదవలేదు. కోచింగ్ ఫీజు కట్టడానికి నాతోపాటు బస్సులో విజయవాడ వచ్చి, తిరుగు చార్జీలకి నా దగ్గరే యాభై రూపాయలు అప్పడిగిన మనిషి ఆయన.

"బోదె నా వైపే తవ్వుకోమను," అన్నాడు. "లీజువాడితో నేను మాట్లాడతా. కట్ట పక్కన తవ్వితే గోల చేస్తాడు, అది నేను చూసుకుంటా. కానీ మీ నాన్న వచ్చి గట్టు మీద నిలబడి చెప్పాలి ఎక్కడ తవ్వాలో. ఫోన్‌లో నువ్వూ, గుమ్మంలో మీ పిన్నీ కాదు."

ఇది నాన్నకి చెప్తే, "చూద్దాంలే" అన్నాడు. మా నాన్న భాషలో 'చూద్దాంలే'కి మూడు అర్థాలున్నాయి. ఏదో అమ్మక్కూడా తెలీదు.

చెరువు లీజాయనకి మాత్రం ఈ ఏడాదికి కాదన్నాం. ఈ ఏడాదికే. వచ్చే ఏడాది ఆ మధ్య కవర్ల అంకెలు తగ్గకపోతే నేనే "ఇచ్చెయ్ నాన్నా" అంటాను. అప్పుడు ఆ మాట అనడానికి నాకు భయం ఉండదు. లోన్ వడ్డీకి ఇక్కడ గోడౌన్‌లో వారానికి ఇంకో షిఫ్ట్ ఒప్పుకున్నాను. శనివారం తెల్లవారుజామున అయిదింటికి.

ఆంటీకి ఇదంతా చెప్పాను, నాకొచ్చిన జర్మన్‌లో. ఆవిడకి అన్నదమ్ముల గోల కంటే ఆరు అంకెలు ఎక్కువ నచ్చాయి. కాగితం మీద గ్రాఫ్‌లా గీసుకుని, "మూడో కవర్ దగ్గర నేల మీద ఏం మొలిచిందో మీ నాన్నగారిని చూడమనండి" అంది. జుల్‌డోర్ఫ్ నాచు ఒక్క మొక్క తెచ్చుకుందామని నేను అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. అలాంటి ఉప్పు పచ్చికలు యూరోపియన్ యూనియన్ ప్రత్యేకంగా కాపాడే జాగాల్లో ఉన్నాయి, చెయ్యి వెయ్యకూడదు. బదులుగా అల్మారాలోంచి పాత పొట్లం ఒకటి తీసి విప్పి చూపించింది. బాల్టిక్ తీరంలో ఎప్పుడో ఏరింది. ఎండి, మట్టిరంగులో, అదే గొడుగు మూత పైకి లేచి.

నిన్న అమ్మ ఫోటో పంపింది. కొబ్బరిచెట్ల మధ్య గట్టు మీద తాడు కట్టి ఉంది, ముగ్గు పిండితో గీత కూడా గీసి ఉంది. ఎవరు గీశారని అడిగితే, "పొద్దున్నే చూస్తే ఉంది" అంది. కాలవలు వదలడానికి ఇంకా పన్నెండు రోజులుంది. పొక్లెయిన్ గంటకి 1,200 అంటున్నారట, ఆ లెక్క ఎవరిదో ఇంకా తేలలేదు.